లిథియం వాడేవాళ్లు కాల్షియం కూడా చూపించుకోండి

బైపోలార్ అనే మానసిక జబ్బుకి నేను లిథియం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. ముందు మంచి మాట చెబుతాను. ఈ మందు పనిచేస్తుంది. రాత్రుళ్లు నిద్ర లేకుండా ఊగిపోవడం, ఆ తర్వాత వారాల తరబడి మంచం దిగలేకపోవడం, రెండూ దాదాపు పోయాయి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు దీని గుణం గురించి రాశారు. అన్నేళ్ల నాటి మందును ఇప్పటికీ రాస్తున్నారంటే ఊరికే కాదు.

చేతులు వణకడం, దాహం, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి రావడం, థైరాయిడ్ తగ్గడం గురించి డాక్టర్లు మొదట్లోనే చెబుతారు. నాకూ అవన్నీ వచ్చాయి. థైరాయిడ్‌కి పొద్దున్నే పరగడుపున ఒక బిళ్ల వేసుకుంటున్నాను, దాంతో సరిపోయింది. అంతగా ఎవరూ చెప్పనిది కాల్షియం సంగతి.

కొన్నేళ్ల కిందట నీరసం పట్టుకుంది. మలబద్ధకం, ఎముకల్లో సలుపు, చెప్పిన మాట చెప్పినట్టే మర్చిపోవడం. ఏ పని మీదికీ మనసు పోయేది కాదు. మళ్లీ డిప్రెషనేనని ఇంట్లో ఒకటే టెన్షన్. డాక్టరు గారు కూడా అదే అనుకుని ఇంకో బిళ్ల కలిపారు. వేరే పని మీద చేయించిన రక్తపరీక్షలో కాల్షియం 11 దాటి కనిపించింది. ఉండాల్సింది సుమారు 8.5 నుంచి 10.5 లోపు. పారాథైరాయిడ్ హార్మోన్ చూస్తే అదీ ఎక్కువే.

గొంతులో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం చాలినంత ఉంటే అవి హార్మోన్ తగ్గించాలి. కొందరిలో లిథియం వల్ల ఆ లెక్క తప్పుతుంది. కాల్షియం చాలినంత ఉన్నా చాలదన్నట్టు హార్మోన్ వదులుతూనే ఉంటాయి. దాంతో ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి దిగుతుంది. కిడ్నీలో రాళ్లు కూడా రావచ్చు. కొందరికి మందు మారిస్తే తగ్గుతుంది, కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది. నాకు డోసు తగ్గించి, ఎముకల స్కాన్ తీసి, కాల్షియం మీద కన్నేసి ఉంచారు. నీరసం చాలావరకు పోయింది.

నన్ను నిజంగా బాధపెట్టేది ఏమిటంటే, ఆ లక్షణాలన్నీ డిప్రెషన్‌లాగే ఉంటాయి. మానసిక జబ్బు ఉన్న మనిషి నీరసంగా ఉందంటే ఎవరూ రక్తం వైపు చూడరు. పైగా ఎముకలు నొప్పులంటే కాల్షియం బిళ్లలు వేసుకోమని తెలిసినవాళ్లంతా సలహా ఇస్తారు. లిథియం వాడుతూ పరీక్ష లేకుండా ఆ పని చేయకండి.

మన ఎండల గురించి కూడా ఒక మాట. చెమట బాగా పట్టినా, వాంతులు విరేచనాలు అయినా రక్తంలో లిథియం పెరుగుతుంది. బీపీ అని ఒక్కసారిగా చప్పిడి కూడు మొదలుపెట్టినా అంతే. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలతోనూ, కొన్ని బీపీ మందులతోనూ అదే ప్రమాదం. మందుల షాపులో ఏది అడిగినా ముందు లిథియం వాడుతున్నానని చెబుతాను. నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, వణుకు బాగా పెరిగినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇది చదివి భయపడి మందు మీ అంతట మీరు మానేయకండి, ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది. లిథియం లెవెల్‌కి రాత్రి బిళ్ల వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి బిళ్ల వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. అదే రక్తంతో క్రియాటినిన్ (కిడ్నీల కోసం), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కోసం), కాల్షియం కూడా చూడమని అడగండి. చీటీలో కాల్షియం లేకపోతే డాక్టరు గారిని అడిగి రాయించుకోండి.