మాంద్యంలో కమర్షియల్ రియల్ ఎస్టేట్ ఏజెంటుకు ఏది నయం: అమ్మకాలా, లీజులా?

ముందు ఆగేది అమ్మకాలే. ఏటా 8 లక్షల నికర అద్దె వచ్చే భవనానికి, కొనేవాళ్లు 8 శాతం రాబడి చాలనుకుంటే ధర కోటి. మాంద్యంలో వాళ్లే 10 శాతం కావాలంటే 80 లక్షలే. అద్దె మారలేదు, ధర ఐదో వంతు పోయింది. యజమాని పాత ధర దిగడు, బ్యాంకు వాల్యుయేషన్ కొత్త ధరకే వస్తుంది. అడ్వాన్సు ఇచ్చిన బేరాలు కూడా ఇక్కడే చెడతాయి.

లీజుల్లో కమీషన్ చిన్నదే, కానీ గడువులు ఎవరి కోసమూ ఆగవు. నెలనెలా ఖర్చులు వెళ్లాలంటే ఇదే నయం. 12–18 నెలల్లో లీజు ముగిసే అద్దెదారుల జాబితా పెట్టుకుని, స్థలం తగ్గించుకోవాలనేవాళ్లను ముందు కలవాలి. యజమానులు లీజులో రాసే అద్దె తగ్గించరు (తగ్గిస్తే భవనం విలువే పడుతుంది మరి), ఉచిత నెలలైతే ఇస్తారు. 60 నెలల్లో 6 ఉచితమంటే నిజంగా చేతికొచ్చే అద్దె 10 శాతం తగ్గినట్టే. కమీషన్ రాసిన అద్దె మీదా, చేతికొచ్చే అద్దె మీదా అన్నది సంతకాలకు ముందే రాయించుకోవాలి.