‘ఏ సీలర్‌కైనా సరిపోతుంది’ అని రాసి ఉన్న ఫైనల్ రిన్స్ ద్రవాలతో జాగ్రత్త

రూట్ కెనాల్‌ను (పంటి వేరులోని సన్నని మార్గాన్ని) సీలర్‌తో, అంటే గోడకు అతుక్కుని సందులు మూసే పదార్థంతో, నింపే ముందు చివరిసారి కడగడానికి సిద్ధ మిశ్రమాలు కొనే తోటి దంతవైద్యుల కోసం ఇది రాస్తున్నాను. ‘ఈ ఒక్క సీసా చాలు, ఏ సీలర్‌కైనా సరిపోతుంది, దీని తర్వాత మరేమీ అక్కర్లేదు’ అన్న ప్రచారాన్ని నమ్మి ఇటీవల అలాంటి ద్రవం మూడు సీసాలు కొన్నాను. లేబుల్ మీద కాల్షియాన్ని బంధించే పదార్థం, క్రిమినాశిని ఉన్నాయని మాత్రమే ఉంది. వాటి పేర్లు, గాఢత, పీహెచ్ ఏవీ లేవు. కొనేముందే అది గమనించకపోవడం నా తప్పే.

అదృష్టవశాత్తు కొత్త ద్రవాన్ని ముందుగా పీకిన పళ్ల మీద వాడి చూసే అలవాటు ఉంది. కెనాల్‌ను శుభ్రం చేయడానికి అంతకుముందు వాడిన సోడియం హైపోక్లోరైట్ తడి ఇంకా మిగిలి ఉన్న కెనాల్‌లోకి దీన్ని ఎక్కించగానే నారింజ, గోధుమ రంగులు కలిసిన మడ్డి పైకి తేలింది. అందులోని క్రిమినాశిని క్లోర్‌హెక్సిడిన్ అని లేబుల్ చెప్పకపోయినా ఆ రంగు చెప్పేసింది. ఈ రెండూ కలిసినప్పుడు ఏర్పడే మడ్డి గోడకు అంటుకుని డెంటిన్ (పంటి లోపలి గట్టి పదార్థం) నాళికల నోళ్లను మూసేస్తుంది కనుక, సీలర్‌కు అందేది డెంటిన్ కాదు, ఆ మడ్డి పొరే. ఎపాక్సీ రెసిన్ సీలర్‌తో నింపి, అది పూర్తిగా గట్టిపడ్డాక పళ్లను నిలువునా చీల్చి చూస్తే, చాలాచోట్ల సీలర్ గట్టాపెర్చాతో (కెనాల్‌ను నింపే రబ్బరు లాంటి పదార్థంతో) పాటే గోడను వదిలి వచ్చేసింది. నాలుగైదు పళ్లతో చేసిన ఈ పని పలుచని ముక్కల మీద సీలర్ ఎంత గట్టిగా అంటిందో కొలవడానికి యంత్రంతో చేసే పుష్-అవుట్ పరీక్షకు సాటి రాదు గానీ, రోగి నోట్లో వాడకుండా ఆపడానికి నాకు అది చాలింది.

అసలు ‘ఏ సీలర్‌కైనా’ అన్న మాటలోనే మోసం ఉంది. కాల్షియాన్ని బంధించే 17 శాతం ఈడీటీఏ సుమారు ఒక నిమిషంలో స్మియర్ పొరను (పరికరాలతో గీకినప్పుడు గోడకు అంటే పొడి పొరను) తొలగిస్తే రెసిన్ సీలర్ నాళికల్లోకి చొచ్చుకుపోగలుగుతుంది. అదే ద్రవాన్ని పది నిమిషాలు ఉంచితే డెంటిన్ కోసుకుపోతుంది. దాని తర్వాత మళ్లీ హైపోక్లోరైట్‌తో ముగిస్తే బయటపడిన కొల్లాజెన్ (డెంటిన్‌లోని ప్రోటీన్ పోగులు) దెబ్బతింటుంది, మిగిలిపోయిన ఆక్సిజన్ మెథాక్రిలేట్ రకం రెసిన్ గట్టిపడటానికి అడ్డు తగులుతుంది. కాల్షియం సిలికేట్‌తో చేసే బయోసెరామిక్ సీలర్ అవసరాలు వేరు. అది డెంటిన్‌లోని తేమతోనే గట్టిపడుతుంది, కాల్షియంతో పని చేస్తుంది. కాబట్టి ఈడీటీఏ అవశేషాలను శుద్ధజలంతో కడిగేయాలి, ఆల్కహాల్‌తో ఎండగొట్టకూడదు. (కెనాల్ తడిని పీల్చే పేపర్ పాయింట్ పొడిగా వచ్చేదాకా ఆరబెట్టే మన పాత అలవాటు ఇక్కడ మేలు చేయదు.)

అందువల్ల ఏ మిశ్రమమైనా కొనేముందు పదార్థాల పేర్లు, శాతాలు, పీహెచ్, ఏ రకం సీలర్‌తో పరీక్షించారో రాతపూర్వకంగా అడగండి. హైపోక్లోరైట్‌కూ ఈ ద్రవానికీ మధ్య శుద్ధజలంతో కడగాలన్న సూచన లేబుల్ మీద ఉందో లేదో చూడండి. నేను ఆలస్యంగా అడిగితే, పదార్థాల వివరాలు వ్యాపార రహస్యమనీ, మూత తీసిన సీసాను వెనక్కి తీసుకోబోమనీ అమ్మకందారు జవాబిచ్చారు. మూత తీయని రెండింటి సంగతి ఇంకా తేల్చలేదు.