ఆరోవిల్ చెట్ల మధ్య కాపురం: వాడి చూసినవాడి మాట

పాండిచ్చేరి పక్కన, దేశదేశాల వాళ్లు కలిసి ఉండే ఆరోవిల్ అనే ఊళ్లో, చెట్ల మధ్య ఒక చిన్న సముదాయంలో ఉంటున్నానంటే మనవాళ్లు ముందు అడిగేది మరుగుదొడ్డి గురించే. రెండేళ్లు దాటింది కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, అదేం సమస్య కాదు. నీళ్లు పోసే పనిలేదు. పని అయ్యాక డబ్బాడు రంపపు పొట్టు చల్లాలి, కడుక్కోవడానికి పక్కనే వేరే చోటుంది. ఒక గుంత నిండితే మూసేసి రెండోది తెరుస్తాం. మూసింది నెలల తరబడి మాగి చెట్లకు ఎరువవుతుంది. మూత్రం వేరుగా పట్టి, నీళ్లు బాగా కలిపి మొక్కలకు పోస్తాం. పొట్టు పొడిగా ఉంటే వాసన రాదు, తడిస్తే ఈగలే ఈగలు. వానల్లో ఆ పొట్టు తడవకుండా దాచుకోవడమే మా అసలు టెన్షన్.

నాకు బాగా నచ్చింది చేతులు కడిగే ఏర్పాటు. అడుగున సన్న బెజ్జం పెట్టిన స్టీలు గ్లాసు తాడుకు వేలాడుతుంటుంది. సగం గ్లాసు పోస్తే సన్నటి ధార వస్తుంది, రెండు చేతులకూ సరిపోతుంది. ఇది ఎవరింట్లోనైనా రేపే పెట్టుకోవచ్చు. గిన్నెలకు బూడిద, కొబ్బరి పీచు, తలకు కుంకుడుకాయ. స్నానాల నీళ్లు అరటిచెట్లకే వెళ్తాయి, అందుకని బజారు షాంపూ నిషేధం.

నీళ్ల మీద ఇంత పట్టింపు ఊరికే రాలేదు. 1968లో ఆరోవిల్ మొదలైనప్పుడు ఇదంతా ఎర్రటి బీడు. వానకు మట్టి గండ్లు కోసుకుని సముద్రంలో కలిసేది. కట్టలు వేసి నీళ్లు ఇంకించి, చెట్లు నాటుకుంటూ వచ్చారు. 2003లో మొదలైన సాధనా ఫారెస్ట్ అనే అడవి పెంచే సముదాయం కూడా ఆ పనే చేస్తోంది. మాదీ ఆ దారే. ఎండెక్కకముందే గడ్డపార పట్టాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బులు కమ్మితే సోలార్ బ్యాటరీలు నీరసిస్తాయి, ఫోన్ ఛార్జింగుకూ వంతులే. దుప్పట్లకు బూజు వాసన, తాటాకు గుడిసె గుంజలకు చెదలు. మేలో ఉక్క సంగతి చెప్పనక్కర్లేదు. వీటన్నిటికీ ఒళ్లు అలవాటు పడింది. అలవాటు కానివి మీటింగులు! పుల్లలు ఎవరు కొట్టాలి, పొయ్యి ముందు ఎవరు కూర్చోవాలి అన్నదాని మీద గంటలు గడుస్తాయి. వంతు రాగానే జ్వరం తెచ్చుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు.

ఈ బతుక్కి డబ్బు తక్కువే పడుతుంది, చేతులు మాత్రం చాలా కావాలి. పదిమంది పంచుకుంటున్నారు కాబట్టే సాగుతోంది. నాలుగెకరాలు కొనుక్కుని భార్యాభర్తలం ఇలాగే ఉంటామనే హైదరాబాద్ మిత్రులారా, పుల్లలకూ నీళ్లకూ వంటకే పొద్దు గూకుతుంది, ఇక పంట ఎప్పుడు వేస్తారు?

తిండి పూర్తిగా వీగన్, అంటే మాంసం, గుడ్లే కాదు, పాలూ పెరుగూ కూడా ఉండవు. పెరుగుకు బదులు, పల్లీలు నానబెట్టి, రుబ్బి, వడగట్టిన పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెడతాం. మొదటి తోడు పలచగా ఉంటుంది, దాంతో వేసిన రెండోది గట్టిగా పేరుకుంటుంది. పులుపు వస్తుంది గానీ కమ్మదనం రాదు. మజ్జిగపులుసుకు పర్వాలేదు, పెరుగన్నానికి పనికిరాదు. పాండిచ్చేరి బజారుకు వెళ్లిన రోజు నేను ఎక్కడ భోంచేస్తానో ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

చూడ్డానికి వచ్చేవాళ్లు జనవరి, ఫిబ్రవరిల్లో రండి. టార్చి, దోమతెర, ఒక ఆవకాయ సీసా తెచ్చుకోండి. దానికి ఇక్కడ ఏ అభ్యంతరమూ లేదు.