బ్రాడీపేటలో ఆదివారం చరిత్ర క్లాసు: సారుకి అయిదు స్టార్లు, మెటీరియల్‌కి ఒకటి

ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్-2కి చదివేవాళ్ల కోసం గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ ఆదివారాలు ఏపీ చరిత్ర చెప్పిస్తోంది. నేను నరసరావుపేట నుంచి వెళ్తున్నాను. బస్సు చార్జీ దండగ అని ఎప్పుడూ అనిపించలేదు. ఉత్తర సర్కారుల (అంటే కోస్తాలో నిజాం కింద ఉన్న అయిదు పరగణాల) క్లాసైతే మరీను.

మామూలుగా ఈ పాఠం రెండు ముక్కల్లో తేల్చేస్తారు: 1766లో హైదరాబాదు పాలకుడు నిజాం అలీ సర్కారులు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు, రాసుకోండి, తర్వాత. ఈ సారు అలా వదల్లేదు. బోర్డు మీద కోస్తా గీత గీశారు. కృష్ణకి పైన కంపెనీ. కింద ఆర్కాటు నవాబు, అంటే అదీ కంపెనీ చెప్పుచేతల్లోదే. మధ్యలో గుంటూరు సర్కారు! కాగితం మీద అదీ రాసిచ్చినా, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం ఆయన జాగీరే. ఆయనేమో ఆదోనిలో ఉండి ఫ్రెంచి సైనికుల్ని కొలువులో పెట్టుకున్నాడు. వాళ్లకి మనుషులూ సరంజామా మోటుపల్లి రేవులో దిగేవి. ఆ పేరు వినగానే వెనక బెంచీలో చీరాల కుర్రాడు "సార్, మా దగ్గరే" అని లేచి నిలబడ్డాడు.

1778లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య మళ్లీ యుద్ధం వచ్చింది. ఆ ఏడే పుదుచ్చేరి పట్టుకున్నా మద్రాసు దొరలకి గుంటూరు బెంగ తీరలేదు. 1779లో నిజాంని అడక్కుండా తమ్ముడితోనే ఒప్పందం చేసుకున్నారు: ఫ్రెంచివాళ్లని పంపించెయ్యి, గుంటూరు మాకు కౌలుకివ్వు. అక్కడితో ఊరుకోకుండా దాన్ని తీసుకెళ్లి ఆర్కాటు నవాబుకి కౌలుకిచ్చారు. నిజాంకి ఒళ్లు మండి, తమ్ముడు పంపేసిన ఫ్రెంచివాళ్లని తనే చేర్చుకున్నాడు. దేనికి భయపడ్డారో దాన్ని చేజేతులా తెచ్చుకున్నారన్నమాట. ఆఖరికి కలకత్తా నుంచి వారన్ హేస్టింగ్స్ ప్రభుత్వం కల్పించుకుని, 1780లో గుంటూరు వెనక్కి ఇప్పించింది. 1782లో బసాలత్ జంగ్ పోయాక కూడా నిజాం నాన్చుతూనే వచ్చాడు. కంపెనీ చేతికి వచ్చేసరికి 1788. ఇదంతా సారు కాగితం చూడకుండా చెప్పారు, మధ్యలో ఒక్క జోకు తప్ప పక్కకి పోలేదు. (జోకు బాగోలేదు.)

ఇక మెటీరియల్. అయిదు సర్కారులూ 1766లోనే కంపెనీ పాలనలోకి వచ్చాయని అచ్చేశారు. గుంటూరులో కూర్చుని గుంటూరు సంగతే తప్పు వేస్తే ఎలా? ఆఫీసులో చూపిస్తే, "టెన్షన్ పడకండి మేడం, బిట్టు అంత లోతుగా రాదు" అన్నారు. నాకు కోపం వచ్చింది సారు మీద కాదు, ఈ మాట మీద. అందుకే మెటీరియల్ కొనకండి, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకుని సారు చెప్పింది రాసుకోండి. కిటికీ పక్కన మాత్రం కూర్చోవద్దు, పదకొండు దాటాక ఎండ బోర్డు మీద పడి ఒక్క అక్షరం కనబడదు.