కోవ్‌లో రెండు రోజులు: లూసిటానియా వెతుక్కుంటూ

మేం ఉండేది డబ్లిన్‌లో. మే మొదటి సోమవారం సెలవు కలిసొచ్చిందని ఐర్లాండ్ దక్షిణ తీరంలోని రేవు పట్టణం కోవ్ బయల్దేరాం, 1915లో మునిగిన బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటానియా ఆనవాళ్ల కోసం. కార్క్ దాకా రైలు రెండున్నర గంటలు, అక్కణ్ణుంచి లోకల్ రైల్లో అరగంట కూడా పట్టదు. పట్టాల పక్కనే నీళ్లు, కిటికీ సీటు వదలొద్దు.

దిగింది కొండమీద ఒక చిన్న బసలో. ఫొటోల్లో హార్బర్ చూసి పడిపోయాను. సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఆ నిటారు వీధి ఎక్కేసరికి మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఇద్దరిలో రెండోవాళ్లకి వేడినీళ్లు రాలేదు. టిఫిన్ మాత్రం వంక పెట్టలేం.

ఊళ్లో ఎటు చూసినా టైటానికే. 1912లో అది ఆఖరిసారి ఆగింది ఇక్కడే, కాదనలేం. ఆ టూరు బాగానే ఉంది గానీ పెట్టిన డబ్బుకి తొందరగా అయిపోయింది. కానీ ఈ ఊరు చేతులారా పాతిపెట్టింది లూసిటానియా మనుషుల్ని.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1915 మే 1న ఆ ఓడ న్యూయార్క్‌లో బయల్దేరింది. బ్రిటిష్ ఓడలెక్కితే మీ పూచీ మీదే అని జర్మన్ ఎంబసీ పేపర్లలో ముందే ప్రకటన ఇచ్చింది. అయినా సిబ్బందితో కలిపి రెండు వేలకు కాస్త తక్కువ మంది. సెకండ్ క్లాసు ఎంత కిక్కిరిసిందంటే రెండు బంతులుగా వడ్డించారు. మే 7 మధ్యాహ్నం 2:10కి, రెండో బంతి నడుస్తుండగా జర్మన్ జలాంతర్గామి యూ-20 వదిలిన టార్పెడో తగిలింది. 18 నిమిషాల్లో మునిగింది. ఓడ కుడికి ఒరగడంతో ఎడమవైపు పడవలు లోపలికి ఊగాయి, కుడివైపువి చేతికందనంత దూరం వేలాడాయి. 48 పడవల్లో సరిగ్గా దిగినవి 6. దాదాపు 1,200 మంది పోయారు.

ఓల్డ్ చర్చ్ శ్మశానం ఊరి నుంచి మూడు కిలోమీటర్లు, ఎత్తెక్కాలి. టికెట్ లేదు, గైడూ లేడు. మే 10న అంత్యక్రియలు జరిగిన మూడు సామూహిక సమాధులు అక్కడే ఉన్నాయి, పైన గడ్డి, ఒక్కో రాయి. ఒక్కరోజే ఉంటే టైటానిక్ మానేసి ఇక్కడికి రండి.

మర్నాడు కిన్సేల్ దాకా బస్సు, అక్కణ్ణుంచి సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొన ఓల్డ్ హెడ్‌కి టాక్సీ. చివరి కొన గోల్ఫ్ క్లబ్బుది, మనకి ప్రవేశం లేదు. సిగ్నల్ టవర్ మ్యూజియం చాలు. బయట ఆ ఓడలో పడవల్ని దించే ఇనుప చేయి ఒకటి నిలబెట్టారు. బోర్డు చదవకపోతే వీధిదీపం స్తంభం అనుకునేవాణ్ణి. ఓడ మునిగిన చోటు ఇక్కణ్ణుంచి 11 మైళ్లు, గట్టు మీది జనం ఓడ మునగడం కళ్లారా చూశారట. మేం వెళ్లినప్పుడు పొగమంచు. పది నిమిషాలు నిలబడ్డాం, కింద టాక్సీ మీటరు తిరుగుతూనే ఉంది.