యూనిఫామా, డ్రెస్ కోడా, ఇష్టమొచ్చిన బట్టలా: చదువుకి ఏది మేలు?

బడి బట్టల గురించి మాట మొదలైతే చాలు, క్రమశిక్షణ వాళ్లు ఒక పక్కకి, స్వేచ్ఛ వాళ్లు ఇంకో పక్కకి చేరిపోతారు. ఇక ఎవరి మాటా ఎవరి చెవికీ ఎక్కదు. ఆ తగాదా జోలికి పోకుండా ఒక్కటే చూద్దాం: ఏ పద్ధతిలో పిల్లలకి పాఠం ఎక్కువ దక్కుతుంది?

బళ్లలో కనిపించే పద్ధతులు స్థూలంగా నాలుగు. యూనిఫాంతో పాటు జుట్టు, గోళ్లు, బూట్లు, చెవిపోగులు కూడా పట్టి చూసే కఠిన పద్ధతి ఒకటి. యూనిఫాం ఉంటుంది గానీ మిగతావి పెద్దగా పట్టించుకోనిది రెండోది. యూనిఫాం లేకుండా, ఏవి వేసుకోకూడదో మాత్రం చెప్పే డ్రెస్ కోడ్ మూడోది. అసలు ఏ నియమమూ లేనిది నాలుగోది.

మార్కుల సంగతి

యూనిఫాం పెట్టేటప్పుడు అందరూ చెప్పే కారణం ఇదే కాబట్టి ముందు దీన్ని తేల్చేద్దాం. కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ బళ్లు 1994లో ఎనిమిదో తరగతి దాకా యూనిఫాం తప్పనిసరి చేశాయి. గొడవలు బాగా తగ్గాయని చెప్పుకున్నాయి. 1996లో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ తన వార్షిక ప్రసంగంలో యూనిఫాంలని వెనకేసుకొచ్చాడు. అయితే లాంగ్‌బీచ్‌లో అదే సమయంలో వేరే మార్పులూ జరిగాయి, వరండాల్లో నిఘా పెంచడం లాంటివి. తగ్గిన గొడవల్లో చొక్కా వాటా ఎంత, నిఘా వాటా ఎంత?

లెక్క విడదీసి చూడాలని ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. డేవిడ్ బ్రన్స్‌మా, కెరీ ఆన్ రాక్‌మోర్ అనే పరిశోధకులు అమెరికాలో పదో తరగతి పిల్లల జాతీయ సర్వే వివరాలు తీసుకుని 1998లో ఒక పత్రం ప్రచురించారు. హాజరులో, ప్రవర్తనలో, మత్తు అలవాట్లలో యూనిఫాం వల్ల మేలేమీ వాళ్లకి కనపడలేదు. మార్కులు పెరగకపోగా కాస్త తక్కువే వచ్చాయి. అమెరికా నైరుతిలోని ఒక పెద్ద నగరం బళ్ల మీద 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం కొంచెం మెత్తగా మాట్లాడింది. పై తరగతుల ఆడపిల్లల హాజరు కాస్త మెరుగైంది, చిన్న తరగతుల టీచర్లు బడి వదిలిపోవడం తగ్గింది, మార్కులు మాత్రం పెద్దగా కదల్లేదు. దేశాల్ని పక్కపక్కన పెట్టినా ఏమీ తేలదు. యూనిఫాం మామూలైన జపాను, దాని ఊసే లేని ఫిన్లాండు రెండూ దేశదేశాల పిల్లల చదువుని పోల్చే పీసా పరీక్షల్లో పేరు తెచ్చుకున్నవే.

ఒక్క చోట మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనపడింది. కెన్యాలో పేద పిల్లలకి ఉచితంగా యూనిఫాం ఇచ్చి చూస్తే గైర్హాజరు బాగా తగ్గింది, అంతకుముందు యూనిఫామే లేని పిల్లల్లో మరీను. ఏళ్లు గడిచాక మళ్లీ చూస్తే, ఎంతవరకు చదివారన్న దాంట్లో ఆ తేడా నిలవలేదు. దీన్ని యూనిఫాం గెలుపుగా చెప్పేవాళ్లున్నారు. నాకైతే తిరగేసి కనిపిస్తుంది. బిడ్డకీ బడికీ మధ్య బడే ఒక ఖర్చు అడ్డం పెట్టింది, ఎవరో ఆ ఖర్చు పెట్టుకున్నారు, బిడ్డ లోపలికొచ్చింది.

గేటు దగ్గర పోయే పీరియడ్

చొక్కా రంగు వల్ల లెక్కలు రావు, పోవు. చొక్కా నియమం అమలు చేసే తీరు వల్ల మాత్రం లెక్కల పీరియడ్ పోతుంది. నన్నడిగితే ఈ నాలుగు పద్ధతుల్నీ పోల్చాల్సింది ఇక్కడే.

మొదటి గంట కొట్టేశారనుకోండి. గేటు దగ్గర ఒక సారు వచ్చేవాళ్ల కాళ్ల వంకే చూస్తుంటాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు నల్ల బూట్లే వేసుకొచ్చాడు, కాకపోతే అడుగున సన్నటి తెల్ల గీత ఉంది. పక్కకి నిలబడమంటారు. వాడి వెనక ఇంకో ముగ్గురు చేరతారు. పేర్లు రాసుకోవాలి, ఇళ్లకి ఫోన్ చెయ్యాలి. అవతల ఎత్తరు. నలుగురినీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెడతారు. లోపల ఆ గంటలోనే సమీకరణాల కొత్త పాఠం మొదలవుతుంది. చివర్లో ఎలాగో క్లాసులోకి వచ్చిన కుర్రాడు బోర్డు మీద మిగిలిన కింది మూడు వరుసలూ గబగబా ఎక్కించుకుంటాడు. పైన చెరిపేసిన వరుసల్లో ఏముందో, ఎక్స్ అటుపక్కకి ఎందుకెళ్లిందో వాడికి తెలీదు. తెలీదని అడగడు కూడా, ఎందుకంటే ఆ పొద్దుటికి అందరూ వాణ్ణి చూసింది చాలు. పోనీ ఆ తెల్ల గీత వల్ల ఎవరి ధ్యాసైనా చెదిరిందా అంటే, గేటు దగ్గరి సారుది తప్ప ఇంకెవరిదీ కాదు.

ఒంటి మీది నియమాలు ఇంతకన్నా లోతుగా దిగుతాయి. చొక్కా ఇంటికెళ్లాక మార్చుకోవచ్చు, జుట్టు సాయంత్రానికి మారిపోదు. జపానులోని ఒసాకాలో ఒక విద్యార్థిని తన జుట్టు పుట్టుకతోనే గోధుమరంగని చెప్పినా, నల్లరంగు వేసుకు రమ్మని బడివాళ్లు పదే పదే పట్టుబట్టారు. ఆమె బడికి రావడమే మానేసింది. 2017లో కేసు వేస్తే 2021లో జిల్లా కోర్టు 3,30,000 యెన్ల పరిహారం ఇప్పించింది. రంగు నియమాన్ని కోర్టు తప్పనలేదు. ఆమె పేరు క్లాసు జాబితాలోంచి, బల్ల గదిలోంచి తీసేయడాన్ని తప్పంది. జుట్టు రంగు దగ్గర మొదలైన క్రమశిక్షణ చివరికి పిల్ల కూర్చునే బల్లనే మాయం చేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి టోక్యో మహానగర ప్రభుత్వ హైస్కూళ్లు జుట్టు నల్లగానే ఉండాలన్న నియమాన్ని, లోదుస్తుల రంగు మీది నియమాన్ని ఎత్తేశాయి. ఆ రెండోదాన్ని అప్పటిదాకా ఎవరు, ఎలా తనిఖీ చేసేవారో ఆలోచించకపోవడమే మంచిది. కాలిఫోర్నియా 2019లో నల్లజాతివాళ్ల సహజమైన జుట్టు తీరు మీద బళ్లలో, ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని ఏకంగా చట్టమే చేసింది.

కాబట్టి కఠిన పద్ధతి నా లెక్కలో అట్టడుగున. మార్కులు పెంచుతుందన్న ఆధారం లేదు, క్లాసు బయట నిలబెట్టే సాకులు మాత్రం దానికే ఎక్కువ.

డ్రెస్ కోడ్ అయితే?

యూనిఫాం కన్నా డ్రెస్ కోడ్ మెత్తనిదని చాలామంది అనుకుంటారు. కాగితం మీద నిజమే. యూనిఫాంలో తప్పు ఏదో అందరికీ తెలుసు. "అసభ్యంగా ఉండకూడదు", "దృష్టి మళ్లించకూడదు" అని రాసిన కోడ్‌లో మాత్రం తప్పు చూసేవాళ్ల కళ్లని బట్టి మారుతుంది. ఆ కళ్లు ఎక్కువగా ఆడపిల్లల మీదే పడతాయి. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆడపిల్లలు వేసుకునే బట్టల మీద ఆంక్షలు 90 శాతానికి పైగా కోడ్లలో ఉన్నాయి, మగపిల్లల బట్టల మీద 69 శాతం కోడ్లలో. దాదాపు 60 శాతం కోడ్లలో ఒంటినో బట్టనో కొలిచి చూసే నియమాలున్నాయి. స్కేలు పెట్టి స్కర్టు పొడవు కొలిపించుకుని వచ్చిన పిల్లకి ఆ గంట ఏం పాఠం ఎక్కుతుంది? పక్కవాళ్ల ధ్యాస చెదురుతుందన్న పేరుతో ఆమె చదువే ఆపుతున్నారన్న సంగతి ఆ కోడ్ రాసినవాళ్లకి తట్టినట్టు లేదు.

బాగా రాసిన కోడ్ వేరు. అది చిన్నదిగా ఉంటుంది: ఒంట్లో ఏ భాగాలు కప్పాలో అందరికీ ఒకేలా చెబుతుంది, ద్వేషం రెచ్చగొట్టే రాతలు, మత్తు పదార్థాల బొమ్మలు వద్దంటుంది, కొలతల జోలికి పోదు, బట్ట కారణంగా క్లాసులోంచి పంపొద్దని టీచర్లకీ చెబుతుంది. దేన్ని ఆపాలి అన్నదానికి అమెరికా సుప్రీంకోర్టు 1969లో ఇచ్చిన టింకర్ తీర్పు ఇప్పటికీ పనికొస్తుంది. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ చేతికి నల్ల పట్టీలు కట్టుకొచ్చిన పిల్లల్ని 1965లో బడి సస్పెండ్ చేసింది. చదువుకి నిజంగా పెద్ద ఆటంకం కలుగుతుందని చూపించగలిగితేనే ఆపాలి, పెద్దలకి ఇబ్బందిగా ఉందని కాదు అన్నది ఆ తీర్పు సారం. అది అభిప్రాయం చెప్పడం గురించిన కేసే అయినా, ఏ బట్టల నియమాన్నైనా ఆ గీటురాయి మీద గీసి చూడొచ్చు. తెల్ల గీత బూట్లు అక్కడ నిలవవు.

ఏ నియమమూ లేకపోతే?

గేటు దగ్గర టైం మిగులుతుంది, నిజమే. ఖర్చు మాత్రం ఇంటి మీదికి ఇంకో దారిలో వస్తుంది, మొన్న వేసుకున్నదే ఇవాళా వేసుకోవడం ఇష్టంలేని వయసు అది. దక్షిణ కొరియా 1983లో యూనిఫాంలు ఎత్తేసి, తల్లిదండ్రుల మొర విని 1986లో ఆ నిర్ణయాన్ని బళ్లకే వదిలేసింది. చాలా బళ్లు మళ్లీ యూనిఫాంకే వెళ్లాయి. చిన్న తరగతుల్లో ఈ పద్ధతితో పెద్ద చిక్కుండదు.

నా ఓటు

ఇప్పటికే యూనిఫాం ఉన్న బడికి నేనైతే రెండో పద్ధతే చెబుతాను, రెండు షరతులతో. మొదటిది ధర. ఏ దుకాణంలోనైనా దొరికే మామూలు ప్యాంటూ చొక్కా అయ్యుండాలి, బడి గుర్తు ముద్రించిన సరుకు ఎంత తక్కువైతే అంత మేలు. ఖర్చు తగ్గించే మార్గదర్శకాల్ని బళ్లు లెక్కలోకి తీసుకుని తీరాలని ఇంగ్లాండ్ 2021లో చట్టం చేసింది ఇందుకే. రెండోది కదలిక. 135 దేశాలు, ప్రాంతాల పిల్లల వివరాలతో 2024లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వేసిన పత్రం ప్రకారం, యూనిఫాం ఎక్కువగా ఉన్న చోట్ల రోజుకి గంట వ్యాయామం చేసే పిల్లల శాతం తక్కువ, చిన్న తరగతుల్లో ఆడ మగ తేడా ఎక్కువ. కారణం యూనిఫామే అని ఆ లెక్క రుజువు చెయ్యదు గానీ, స్కర్టుతో పరిగెత్తాలంటే సంకోచించే పిల్లకి ప్యాంటు వేసుకునే వీలిస్తే పోయేదేముంది?

యూనిఫాం లేని బడి మార్కుల కోసం కొత్తగా పెట్టుకోనక్కర్లేదు. ఒక పేజీ దాటని కోడ్ చాలు. ల్యాబులో జుట్టు ముడేసుకోవడం, వర్క్‌షాపులో మూసిన బూట్లు వేసుకోవడం లాంటివి ఎక్కడైనా ఉండాల్సిందే. అవి ఆ గదిలో ఆ టీచరు చూసుకునే జాగ్రత్తలు.

ఇక పేరెంట్స్ మీటింగులో బట్టల చర్చ వస్తే, బట్టల కారణంగా ఈ టర్ములో ఎన్ని పీరియడ్లు ఎంతమంది పిల్లలకి పోయాయో చెప్పమనండి. గైర్హాజరు రిజిస్టరు ప్రతి బడిలోనూ ఉంటుంది. ఈ లెక్క రాసుకునే కాలమ్ అందులో ఉండదు, అడిగితే గానీ పెట్టరు.