కారులోకి నీళ్లొస్తుంటే సిలికాన్ పూయించాలా, నీటి దారులు శుభ్రం చేయించాలా?

వానలు మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంట్‌లోనూ ఆఫీసులోనూ అందరూ అడిగేది ఇదే: "కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోంది, బయట సందులకి సిలికాన్ గమ్ కొట్టించేయనా?" ఈ ఆగస్టులో నా కారుకీ అదే సమస్య వచ్చింది, అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అవి ఏ నీళ్లో తేల్చుకోండి. చుక్క వాన లేని రోజు కూడా ఏసీ వేసుకుని మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లొచ్చేసరికి ముందు ఎడమ సీటు దగ్గర తడిగా ఉంటే, చాలావరకు ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయినట్టే. ఏసీ నడుస్తుంటే బండి కింద చుక్కలు పడాలి, పడట్లేదంటే ముందు అదే చూపించండి. జిగటగా, రంగుగా, తీపి వాసనతో ఉంటే అది ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, కూలెంట్, ఆలస్యం చేయకుండా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఈ రెండింటికీ సిలికాన్‌తో పనే లేదు.

వాన నీళ్లే అని తేలితే అప్పుడు రెండు మార్గాలు: సిలికాన్ పూయించడం, లేదా నీళ్లు బయటికి పోయే దారులు శుభ్రం చేయించడం.

సిలికాన్‌కి ఖర్చు తక్కువ, అరగంటలో పని అయిపోతుంది, అందుకే అందరూ అటే వెళ్తారు. రూఫ్ రైల్ బోల్టు దగ్గరో, బాడీ అతుకు దగ్గరో నిజంగా సందు కనిపిస్తే అక్కడ సీల్ చేయడమే సరైన పని, కాకపోతే బాడీ అతుకులకి వేసే సీలెంట్ అడగండి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఇనుముని తుప్పు పట్టిస్తుంది. ముందు అద్దం చుట్టూ పూయిస్తే ఇంకో చిక్కుంది: రేపు అద్దం తీసి మళ్లీ బిగించాల్సి వస్తే, సిలికాన్ మరక మిగిలిన చోట అద్దం అతికించే యురేథేన్ గమ్ పట్టదు.

నా దృష్టిలో అసలు విషయం వేరే ఉంది. కారుని తయారు చేసేటప్పుడే నీళ్లు కొంత లోపలికి వస్తాయని లెక్క వేసుకుని, అవి పోవడానికి దారులు పెడతారు. డోర్ అద్దం పక్కనుంచి దిగిన నీళ్లు డోర్ అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పోతాయి. సన్‌రూఫ్ రబ్బరు దాటిన నీళ్లు దాని చుట్టూ ఉన్న తొట్టిలో పడి, మూలల్లోని సన్న గొట్టాల ద్వారా, కారు పైకప్పుని మోసే పిల్లర్ల లోపలినుంచి కిందకి పోతాయి. వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్, మెకానిక్‌లు కౌల్ కవర్ అంటారు, దాని కిందా అలాంటి దారే ఉంటుంది. ఆ దారి మూసుకుపోయాక పైన ఎంత పూసినా నీళ్లు ఎక్కడికి పోతాయి?

మన ఊళ్లో వీధి నిండా వేప, కానుగ చెట్లే. ఎండాకాలం ముందు రాలిన ఆకు ఆ కౌల్‌లో చేరి, మొదటి వానకే బురదైపోతుంది. బయటి గాలి లోపలికి తీసుకునే రంధ్రం కూడా చాలా కార్లలో ఆ పక్కనే ఉంటుంది, నీళ్లు నిండితే ఏసీ గాలిని తోసే బ్లోవర్ మీదుగా నేరుగా కాళ్ల దగ్గరికి దిగుతాయి.

నాకు జరిగింది ఇదే. ఒక షాపులో ముందు అద్దం చుట్టూ పూయించాను, తర్వాతి పెద్ద వానకి కార్పెట్ మళ్లీ తడిసింది. ఆదివారం మా తమ్ముడిని టార్చితో లోపల కూర్చోబెట్టి, పైపుతో నెమ్మదిగా నీళ్లు వదిలాను. ఎప్పుడైనా కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఒక్కో చోట ఐదు పది నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే అన్ని చోట్లా తడిసి ఏమీ తెలియదు. డోర్ల దగ్గర ఏమీ రాలేదు. వైపర్ల దగ్గరికి రాగానే వాడు అరిచాడు: "అన్నా, ఆపు! బ్లోవర్ పక్కనుంచి కారుతోంది!" కవర్ విప్పితే పిడికెడు నల్లటి ఆకు ముద్ద. అది తీశాక రెండు మగ్గులు పోస్తే నీళ్లు వెంటనే కిందకి పోయాయి.

సన్‌రూఫ్ గొట్టాలకి మాత్రం కంప్రెసర్ గాలి కొట్టించకండి, లోపల అతుకు ఊడితే నీళ్లు మొత్తం సీట్ల మీదే. బయటి షాపులో స్పీకర్లు బిగించుకున్నాక డోర్ వైపు తడి మొదలైతే, డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు చిరిగిందేమో చూడమనండి. వారంటీ ఉంటే ఏదీ పూయకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి. తేమ పీల్చే ప్యాకెట్లు అద్దాల మీద ఆవిరికి తప్ప లీకుకి పనికిరావు.

ఏ దారిలో వెళ్లినా కార్పెట్ పైన తుడిచి వదిలేయకండి. కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, చాలా కార్లలో వైర్లు దాని కిందనుంచే పోతాయి. చేత్తో గట్టిగా నొక్కి చూడండి, నీళ్లు ఊరితే కార్పెట్ ఎత్తాల్సిందే. నా కారులో అది ఆరడానికి మూడు రోజులు పట్టింది, మధ్యలో మళ్లీ ముసురు పట్టడంతో సెల్లార్‌లో టేబుల్ ఫ్యాన్ పెట్టాను.